గుర్రాల ఆరోగ్యం, సంక్షేమం: మన దేశంలో పరిశోధన ముందు దేని మీద జరగాలి?

పశువైద్యంలో పీజీ చేరబోతున్నానని, గుర్రాల ఆరోగ్యం, సంక్షేమం మీద పని చేయాలని ఉందని, ఏ అంశాలకు ముందు ప్రాధాన్యం ఇవ్వాలో చెప్పమని, వాటిలో ఏడాది గడువులో కొద్ది డబ్బుతో చేయదగినదేదో కూడా సూచించమని మీరు అడిగారు. దేశంలో గుర్రాలే తగ్గిపోతున్నప్పుడు వాటి మీద పరిశోధన దేనికని మీ సీనియర్ ఒకరు నిరుత్సాహపరిచిన సంగతి కూడా రాశారు. ముందు ఆ మాటకు జవాబు చెప్పి అసలు విషయానికి వస్తాను. ప్రాధాన్యాల క్రమం చాలావరకు దాని మీదే ఆధారపడి ఉంది.

సంఖ్య తగ్గిన మాట నిజం. 2019 పశుగణన ప్రకారం దేశంలో గుర్రాలు, పోనీలు కలిపి సుమారు 3.4 లక్షలు, 2012 గణనతో పోలిస్తే ఇది 45.6 శాతం తక్కువ. కంచర గాడిదలు 57 శాతం తగ్గి 84 వేలకు, గాడిదలు 61 శాతం తగ్గి సుమారు 1.2 లక్షలకు చేరాయి. అయితే ఈ తగ్గుదల అన్ని చోట్లా ఒకేలా జరగలేదు. ఆటో, ట్రాలీ తిరగగలిగిన చోటు నుంచి గుర్రం తప్పుకుంది, మన ఊళ్లలో జట్కాలు పోయింది అలాగే. వాహనం వెళ్లలేని చోట, లేదా వాహనం కన్నా గుర్రమే చవకగా వచ్చే చోట అది మిగిలింది. ఉత్తరప్రదేశ్ ఇటుక బట్టీలు, కేదార్‌నాథ్ కొండదారి, పాడేరు మన్యంలో రోడ్డు పడని గూడేలు, పెళ్లి బరాత్‌లు, విశాఖ బీచ్, మలక్‌పేట వంటి పందెపు మైదానాలు, పాముకాటు మందు తయారుచేసే సంస్థల శాలలు, ఇవీ ఈనాటి గుర్రం చిరునామాలు. వీటిలో చాలాచోట్ల పని కఠినం, నీడ తక్కువ, వైద్యుడు దూరం. కాబట్టి తలల లెక్క తగ్గినంత మాత్రాన బాధల లెక్క కూడా అదే పాళ్లలో తగ్గిందనుకోవడానికి వీల్లేదు. మీ సీనియర్‌కు ఇంతకు మించి జవాబు అక్కర్లేదు.

ఇక ప్రాధాన్యాన్ని ఎలా తూచాలి? ఒక సమస్య ఎన్ని జంతువులను పట్టి పీడిస్తోంది, ఎంత తీవ్రంగా పీడిస్తోంది, ఎంతకాలం పీడిస్తోంది అన్న మూడు ప్రశ్నలు అందరూ వేసేవే. నేను నాలుగోది కలుపుతాను: సమాధానం దొరికితే రేపు పొద్దున ఎవరు ఏం మారుస్తారు? యజమాని, సైసు (గుర్రాన్ని చూసుకునే పనివాడు), నాల్బందు (లాడాలు వేసేవాడు), స్థానిక పశువైద్యుడు, నియమం రాసే అధికారి, వీరిలో ఒక్కరి పనైనా మారని పరిశోధన ఎంత సొగసైనదైనా నా పట్టికలో కిందికే పోతుంది. ఆచరణలో నిధులు ఈ లెక్కన నడవవు. పందెపు గుర్రానికి ధర ఎక్కువ కనుక దాని ఎముకల మీద, రాకపోకలకు, పోటీలకు అడ్డం పడతాయి కనుక కొన్ని అంటువ్యాధుల మీద శ్రద్ధ ఎక్కువ. 2025 జులైలో మీరట్ కంటోన్మెంట్‌లోని సైనిక పశువైద్య విభాగం (రిమౌంట్ వెటర్నరీ కోర్) కేంద్రానికి దేశంలోనే తొలి అశ్వ వ్యాధిరహిత ప్రాంగణంగా ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ గుర్తింపు లభించింది. మన క్రీడా గుర్రాలు విదేశీ పోటీలకు వెళ్లడానికి అది దారి తీస్తుంది. మంచి పనే, కాదనను. కానీ బట్టీలో ఇటుకలు లాగే గుర్రానికి ఆ గుర్తింపుతో ఒరిగేదేమీ లేదు.

నా లెక్కలో మొదటి స్థానం నొప్పిదే, అందులోనూ కాళ్ల నొప్పిది. భారత్, పాకిస్తాన్‌లలో బండి లాగే గుర్రాలను క్షుణ్ణంగా పరీక్షించి బ్రిస్టల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2009లో ప్రచురించిన అధ్యయనంలో, చూసిన గుర్రాలన్నీ ఎంతోకొంత కుంటుతున్నవే. అన్నీ కుంటుతున్నప్పుడు యజమాని కంటికి అదే మామూలు నడకగా కనబడుతుంది. చికిత్స ఆలస్యం కావడానికి పేదరికం ఎంత కారణమో ఈ అలవాటు పడిన చూపూ అంతే కారణం. ఇక్కడ పరిశోధన చేయవలసినది రెండు దిక్కుల నుంచి. ఒకటి కొలత. గుర్రం ముఖ కవళికలను బట్టి నొప్పిని అంచనా వేసే పద్ధతి 2014లో ఐరోపాలో వచ్చింది. వెనక్కి బిగుసుకున్న చెవులు, ముడుచుకున్న కంటి చుట్టూ కండరాలు, కంటి పై భాగంలో బిగువు, ఉబ్బిన దవడ కండరాలు, బిగిసిన నోరు, గట్టిపడిన ముక్కు రంధ్రాలు, ఈ ఆరింటికీ మార్కులు వేస్తారు. సవారీ గుర్రాల కోసం బ్రిటన్ పశువైద్యురాలు సూ డైసన్ బృందం 24 ప్రవర్తనల పట్టిక తయారుచేసింది. వాటిలో ఎనిమిదీ అంతకు మించీ కనబడితే ఎముకలు, కండరాల నొప్పి ఉన్నట్టు గట్టిగా అనుమానించాలి. ఇవన్నీ బాగా మేపిన, బాగా చూసుకున్న గుర్రాల మీద నిగ్గు తేలిన కొలమానాలు. నీరు తగ్గి, అలసి, కంటి చుట్టూ ఈగలు ముసిరిన గుర్రంలో ముడుచుకున్న కన్ను నొప్పిని చెబుతోందా, ఈగను చెబుతోందా? ఈ కొలమానాలను మన పనిగుర్రాల మీద పరీక్షించి సరిదిద్దడం ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ ఉన్న పని.

రెండోది గిట్ట. గిట్ట చెక్కడం, లాడం వేయడం మన దగ్గర తండ్రి నుంచి కొడుక్కి వచ్చే విద్య. చాలామంది నాల్బందుల చేతిపని చక్కనిదే, అయినా గిట్ట కోణం తప్పడం, మడమ మరీ పొడవుగా వదలడం లేదా ముందు భాగం మరీ కోసేయడం తరచుగా చూస్తాం. నాల్బందుకు శిక్షణ ఇచ్చిన ఊళ్లలోనూ, ఇవ్వని ఊళ్లలోనూ కుంటుతనం ఆరునెలలకు, ఏడాదికి ఎలా మారిందో పోల్చి చూసే పరీక్షలు కావాలి. స్వచ్ఛంద సంస్థలు శిక్షణ ఇస్తూనే ఉన్నాయి. ఎంతమందికి ఇచ్చామన్నది లెక్కపెట్టడం తేలిక; గుర్రం నడక మారిందా అన్నది లెక్కపెట్టడమే కష్టం, అసలు కావలసినదీ అదే.

రెండో స్థానం ఎండకు, బరువుకు ఇస్తాను. ఇది మన వాతావరణానికే ప్రత్యేకమైన సమస్య, ఇంగ్లండులోనో కెంటకీలోనో మన కోసం ఎవరూ పరిష్కరించి పెట్టరు. పని చేసే గుర్రం కండరాల్లో ఖర్చయ్యే శక్తిలో ముప్పావు వంతు దాకా వేడిగానే మారుతుంది, ఆ వేడిని వదిలించుకోవడానికి దాని ప్రధాన సాధనం చెమట. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది, గాలిలో తేమ ఎక్కువగా ఉంటే అది ఆరదు, కారిపోతుంది. పైగా గుర్రం చెమటలో లవణాల సాంద్రత రక్తంలో కన్నా ఎక్కువ, అందుకే నీళ్లతో పాటు ఉప్పు కూడా పెద్ద మొత్తంలో పోతుంది. ఇప్పుడు మన నియమం చూడండి. లాగుడు, మోత పశువుల పట్ల క్రూరత్వ నివారణ కోసం 1965లో చేసిన నియమాల ప్రకారం, ఉష్ణోగ్రత 37 డిగ్రీలు దాటే ప్రాంతంలో మధ్యాహ్నం 12 నుంచి 3 గంటల మధ్య పశువు చేత పని చేయించకూడదు. రోజుకు మొత్తం తొమ్మిది గంటలు, విరామం లేకుండా ఐదు గంటలు దాటకూడదు. ఆనాటికి మంచి నియమమే. కానీ అందులో తేమ ప్రసక్తి లేదు. విశాఖ తీరంలో ఏడాదిలో చాలా రోజులు ఉష్ణోగ్రత 37కు చేరదు, ఉక్కపోత మాత్రం మనుషులనే నిలువనీయదు. అక్కడ 34 డిగ్రీల దగ్గర బీచ్ గుర్రం పడే కష్టం, రాయలసీమలో 39 డిగ్రీల పొడి ఎండలో పడే కష్టం కన్నా తక్కువని ఎవరు నిర్ణయించారు? తేమ, గాలి, ఎండ తీక్షణత మూడింటినీ కలిపిన సూచికను క్రీడా గుర్రాల పోటీల్లో వాడుతున్నారు. పనిగుర్రాలకు, కంచర గాడిదలకు, మన జాతుల శరీరతత్వానికి ఏ అంకె దగ్గర ప్రమాదం మొదలవుతుందో తేల్చే పని మిగిలి ఉంది. తేలితే మారవలసినది ఒక నియమంలోని ఒక్క వాక్యం. నా నాలుగో ప్రశ్నకు ఇంతకన్నా సూటి సమాధానం ఇచ్చే అంశం ఇంకొకటి కనబడదు.

ఇదే వరుసలో మరో రెండు మాటలు. వేడెక్కిన గుర్రం మీద చల్లని నీళ్లు పోస్తే కండరాలు పట్టేస్తాయన్న నమ్మకం మన సైసుల్లో ఇప్పటికీ గట్టిగా ఉంది. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌కు ముందు జరిగిన పరిశోధనలు చల్లని నీళ్లు ధారాళంగా పోయడమే గుర్రాన్ని కాపాడుతుందని, హాని చేయదని చూపాయి. ముప్పై ఏళ్ల కిందటి ఆ ఫలితం ఇంకా శాల దాకా ఎందుకు రాలేదన్నది కూడా పరిశోధనాంశమే, కాకపోతే విస్తరణ శాఖ వాళ్లది. రెండోది, ఉక్క ప్రదేశాల్లో కొన్ని గుర్రాలకు చెమట పట్టడమే ఆగిపోతుంది. బ్రిటిష్ కాలంలో చల్లని దేశాల నుంచి తెచ్చిన గుర్రాల్లో మొదట గమనించిన ఈ జబ్బుకు నేటికీ నమ్మదగిన మందు లేదు. చల్లని చోటికి తరలించడమే చికిత్స.

బరువు విషయంలోనూ అవే 1965 నియమాలు పోనీకి 70 కిలోలు, కంచర గాడిదకు 200, గాడిదకు 50 కిలోలని పరిమితులు పెట్టాయి. జంతువు ఒంటి బరువు ఎంత, దారి ఎంత ఏటవాలు, ఎత్తు ఎంత, కండ ఉందా లేదా అన్నవి అందులో లేవు. అమెరికాలోని ఒహాయోలో 2008లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో, రౌతు, జీను కలిపి గుర్రం ఒంటి బరువులో 25, 30 శాతం దాకా పెంచినప్పుడు గుండె వేగం, కండరాల నొప్పి స్పష్టంగా పెరిగాయి. 20 శాతం దగ్గర అలా లేదు. అది సమతలమైన నేల మీద, తేలికపాటి పనిలో చేసిన ప్రయోగం. సముద్రమట్టానికి మూడున్నర వేల మీటర్ల ఎత్తున్న కేదార్‌నాథ్‌కు యాత్రికుణ్ణి మోసుకెళ్లి, దింపి, మళ్లీ ఎక్కే కంచర గాడిదకు ఆ శాతం వర్తిస్తుందో లేదో కొలిచి చూడాలి.

మూడో స్థానంలో అంటువ్యాధులను పెడితే మీకు ఆశ్చర్యం కలగవచ్చు, చాలా జాబితాల్లో అవే మొదట ఉంటాయి. వాటి మీద మన దేశంలో ఇప్పటికే పునాది పడి ఉండడమే నేను కొంచెం కిందికి దించడానికి కారణం. 1985లో ఏర్పడిన హిస్సార్ జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం గ్లాండర్స్ గుర్తింపునకు కృత్రిమంగా తయారుచేసిన ప్రోటీన్లతో ఎలైజా అనే రక్త పరీక్షను రూపొందించింది, ఇన్‌ఫ్లుయెంజా టీకాపై పని చేసింది. గ్లాండర్స్ మనుషులకూ సోకి ప్రాణం తీయగల బ్యాక్టీరియా జబ్బు. 2006లో మహారాష్ట్రలో మళ్లీ తలెత్తింది మొదలు అనేక రాష్ట్రాల్లో కనబడుతూనే ఉంది. దానికి టీకా లేదు, సోకిందని తేలిన జంతువును చంపవలసిందే. ఇక్కడే అసలు చిక్కు. ఆ జంతువే కుటుంబానికి జీవనాధారమైనప్పుడు యజమాని రక్త నమూనా ఇవ్వకుండా గుర్రాన్ని రాత్రికి రాత్రి పక్క జిల్లాకు తోలేస్తాడు, జబ్బూ దానితో ప్రయాణం చేస్తుంది. పరీక్ష కచ్చితత్వాన్ని మరో రెండు శాతం పెంచడం కన్నా, పరిహారం ఎంత, ఎన్ని రోజుల్లో చేతికందితే యజమాని తనంతట తాను గుర్రాన్ని చూపిస్తాడో తెలుసుకోవడం గ్లాండర్స్ నిర్మూలనకు ఎక్కువ పనికొస్తుందని నా అభిప్రాయం. ఇది ప్రయోగశాల పని కాదు కనుక పశువైద్య కళాశాలల్లో ఎవరూ ముట్టుకోరు. ఆర్థికశాస్త్ర విభాగం నుంచి సహ మార్గదర్శిని తెచ్చుకోగలిగితే మీరు ముట్టుకోవచ్చు.

సర్రా అనే జబ్బు సంగతి వేరు, దీనిలో ప్రయోగశాల పనే చాలా మిగిలి ఉంది. 1880లో డేరా ఇస్మాయిల్ ఖాన్‌లో గ్రిఫిత్ ఇవాన్స్ గుర్రాలు, ఒంటెల రక్తంలో కనిపెట్టిన ట్రిపనోసోమా ఇవాన్సీ అనే పరాన్నజీవి దీనికి కారణం, మోసుకొచ్చేవి జోరీగలు. జ్వరం వచ్చి పోతూ, రక్తం తగ్గిపోతూ, కాళ్లు వాచి గుర్రం నెలల తరబడి కృశిస్తుంది. రక్తంలో పరాన్నజీవి అన్ని రోజులూ కనబడదు కనుక సూక్ష్మదర్శినిలో చూసి లేదని చెప్పిన గుర్రాల్లో కొన్నింటికి జబ్బు ఉండనే ఉంటుంది. వాడుకలో ఉన్న మందులు దశాబ్దాల నాటివి, కొన్ని ఇంజెక్షన్ వేసిన చోట పెద్ద వాపు తెస్తాయి. 2000లో ఒడిశాలోని నందన్‌కానన్ జూలో పులులు చనిపోయింది ఈ పరాన్నజీవి వల్లే. 2004లో మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లాలో ఒక రైతుకు సోకి మనిషిలో అరుదైన కేసుగా నమోదైంది. ఆ జిల్లా మన ఆసిఫాబాద్ సరిహద్దే. గుర్రం పక్కనే నిమిషాల్లో చేయగల చవకైన పరీక్ష, మందులకు నిరోధకత ఎక్కడెక్కడ వచ్చిందన్న పటం, ఈ రెండూ అవసరం.

వైరస్‌ల విషయం క్లుప్తంగా చెబుతాను. ఇన్‌ఫ్లుయెంజా 1987లో, 2008లో దేశమంతా తిరిగింది. 2025 మేలో కేదార్‌నాథ్ యాత్ర మొదలైన కొద్ది రోజులకే జంతువులు చనిపోవడంతో ఆ దారిలో వాటి రాకపోకలను తాత్కాలికంగా ఆపవలసి వచ్చింది. ఆఫ్రికన్ గుర్రపు జబ్బు 1960లో మన దేశం దాకా వచ్చింది, 2020లో థాయిలాండ్‌లో ఐదువందలకు పైగా గుర్రాలను బలిగొంది. దాన్ని వ్యాపింపజేసే సూక్ష్మ కీటకాలు మన దగ్గరా ఉన్నాయి. నిఘా వ్యవస్థ నడుస్తూ ఉండాలి. అయితే అది ప్రభుత్వం నిరంతరం చేయవలసిన పని, పీజీ విద్యార్థి థీసిస్‌కు సరిపడేది కాదు.

నట్టల మందుల సంగతి మాత్రం మీ స్థాయిలో బాగా చేయదగినది. గుర్రాలకు వాడే ప్రధాన నట్టల మందుల వర్గాలు మూడే, పేగుల్లో ఉండే చిన్న స్ట్రాంజైల్ నట్టలు వాటిలో బెంజిమిడజోల్ వర్గానికి ప్రపంచమంతా లొంగడం మానేశాయి, మరో వర్గానికి చెందిన ఐవర్‌మెక్టిన్ కూడా మునుపటంత కాలం పని చేయడం లేదని అనేక దేశాల నుంచి వార్తలొస్తున్నాయి. కొత్త వర్గం మందు దరిదాపుల్లో లేదు. డెన్మార్క్ 1999లోనే పరీక్ష లేకుండా, పశువైద్యుడి చీటీ లేకుండా నట్టల మందు అమ్మకూడదని కట్టుదిట్టం చేసింది. పేడలో నట్టల గుడ్ల లెక్క ఎక్కువున్న గుర్రాలకే మందు వేయడం అక్కడ ఆనవాయితీ అయింది. దాని వెంట ఇంకో చిక్కు వచ్చింది, దాదాపు కనుమరుగైన, రక్తనాళాల్లో చేరే పెద్ద నట్ట కొన్ని మందల్లో మళ్లీ తల ఎత్తింది. మన దగ్గర మే నెల ఎండకు మేత నేల మీది లార్వాలు ఎన్నాళ్లు బతుకుతాయి, తొలకరికి ఎన్ని రోజుల తర్వాత మందు వేస్తే ఎక్కువ ఫలితం, ఆవులు, మేకలతో కలిసి మేసే పోనీల్లో పరిస్థితి ఏమిటి అన్నవాటికి చల్లని దేశాల క్యాలెండర్ పనికిరాదు. పేడలో గుడ్ల లెక్కకు ఖర్చు తక్కువ, నైపుణ్యం మీ కళాశాలలోనే దొరుకుతుంది.

ఇక ఎవరూ ప్రాధాన్యాల జాబితాలో రాయని అంశం ఒకటి, తెలంగాణ వాళ్లుగా మనకు దగ్గరిది. పాముకాటు విరుగుడు మందు గుర్రం రక్తం నుంచే వస్తుంది, ఆ పరిశ్రమ మన రాష్ట్రంలోనూ ఉంది. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర అనే నాలుగింటి విషాన్ని కొద్దికొద్దిగా, నెలల తరబడి గుర్రానికి ఎక్కించి, దాని రక్తంలో ప్రతిరక్షకాలు తయారయ్యాక రక్తం తీసి ప్లాస్మాను శుద్ధి చేస్తారు. 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని, అంటే ఏటా సగటున 58 వేల మంది అని, 2020లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం అంచనా వేసింది. ఆ భారం ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో తెలంగాణతో కలిసిన ఆంధ్రప్రదేశ్ ఒకటి. కాబట్టి ఈ గుర్రాలు వద్దు అనే మాట నేటికి సాధ్యం కాదు. ఉన్నవాటి బతుకును ఎంత మెరుగుపరచగలమన్నదే ప్రశ్న. ప్రతిరక్షకాలు బాగా తయారయ్యేందుకు విషంతో పాటు ఎక్కించే ఉద్దీపక ద్రవ్యాల వల్ల పుండ్లు, గడ్డలు లేస్తాయి. పదే పదే రక్తం తీస్తే రక్తహీనత, ప్రోటీన్ లోపం వస్తాయి. ఏళ్ల తరబడి ఇలా వాడిన గుర్రాల కాలేయంలో అమిలాయిడ్ అనే అసహజ ప్రోటీన్ పేరుకుని ప్రాణాంతకం కావచ్చు. ఎర్ర రక్తకణాలను తిరిగి గుర్రంలోకి ఎక్కించడం, తక్కువ చికాకు పెట్టే ఉద్దీపకాలు, ప్రతి గుర్రానికీ రక్తం తీసే వ్యవధిని దాని రక్త పరీక్షను బట్టి మార్చడం, సేవ ముగిశాక ఏం చేయాలన్న ప్రణాళిక, ఇవన్నీ పరిశోధించదగినవి. మరో కోణం కూడా ఉంది. ఇప్పటి మందులోని ప్రతిరక్షకాల్లో పాము విషాన్ని నిజంగా పట్టుకునేవి కొంత భాగమే. విషం మిశ్రమాన్ని మెరుగుపరచి ఆ భాగాన్ని పెంచితే రోగికి తక్కువ సీసాలు చాలు, అంత మందు కోసం తక్కువ గుర్రాలు చాలు. మనిషికీ గుర్రానికీ ఒకే పరిశోధన మేలు చేసే చోటు ఇంతకన్నా స్పష్టంగా ఉండదు. బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థ శాస్త్రవేత్తలు పాలుపంచుకున్న ఒక బృందం అనేక పాముల నాడీ విషాలను అడ్డగించే మానవ ప్రతిరక్షకాన్ని 2024లో ప్రకటించింది. గుర్రం అవసరమే లేని మందు ఆ దారిన రావచ్చు, కానీ పల్లె ఆసుపత్రికి చేరేసరికి చాలా ఏళ్లు పడుతుంది.

పందెపు గుర్రాల గురించి తక్కువ చెబుతాను, వాటి తరఫున మాట్లాడేవారు వేరే ఉన్నారు. పరుగులో ఎముక విరగడం చాలాసార్లు హఠాత్తుగా జరిగే ప్రమాదం కాదు, వారాల తరబడి పేరుకున్న సూక్ష్మమైన చీలికల ముగింపు. అమెరికాలో ప్రాణాంతక గాయాల గణాంకాలను ఒకచోట చేర్చడం మొదలుపెట్టాక, 2009లో వెయ్యి పరుగులకు 2.00గా ఉన్న మరణాల రేటు 2022కు 1.25కు తగ్గింది. ఏ ఒక్క మందో యంత్రమో సాధించింది కాదది; నేల స్వభావం, వయసు, దూరం, మందుల వాడకం అన్నింటినీ లెక్కల్లో పెట్టి బహిరంగంగా చూపడం వల్ల వచ్చిన మార్పు. మన క్లబ్బులన్నీ ఒకే నమూనాలో, పరుగుల మొత్తం సంఖ్యతో సహా గాయాల లెక్కలు ఏటా ప్రకటించాలని, ఖరీదైన స్కానర్ల కన్నా ముందు అది జరగాలని నా గట్టి అభిప్రాయం. కొరడా విషయంలో 2020లో ఆస్ట్రేలియా పరిశోధకులు గుర్రం చర్మంలోని నొప్పి గ్రహించే నరాల అమరిక మనిషి చర్మానికి దగ్గరగానే ఉందని చూపారు. దానితో చర్మం మందం గనుక నొప్పి తెలియదన్న పాత వాదానికి ఆధారం పోయింది.

మేత, కడుపునొప్పి, కడుపులో పుండ్లు ఒకే మూటలో కట్టవచ్చు. గుర్రం కడుపులో ఆమ్లం తిన్నా తినకున్నా ఊరుతూనే ఉంటుంది. గడ్డి నిరంతరం అందకపోతే పుండ్లు పడతాయి. దక్షిణాదిలో గుర్రాలకు ఉలవలు పెట్టడం తరతరాల ఆచారం, ఎంత, ఎలా నానబెట్టి, ఏ గడ్డితో కలిపి పెడితే మంచిదన్నది కొలిచి చెప్పే పని మన విశ్వవిద్యాలయాలదే. మరోవైపు బ్రిటన్ పరిశోధన ప్రాధాన్యాల జాబితాల్లో పైన కనబడే ఊబకాయం, దాని వల్ల వచ్చే గిట్టల వాపు మన దేశంలో కొద్దిపాటి సంపన్నుల గుర్రాలకు పరిమితం. చదవడానికి ఎంత ఆసక్తికరంగా ఉన్నా ఆ జాబితాను యథాతథంగా దిగుమతి చేసుకోకండి.

గాడిదలను మరువవద్దు. గాడిద పొట్టి గుర్రం కాదు; ఫినైల్‌బ్యుటజోన్ వంటి నొప్పి మందు దాని ఒంట్లోంచి గుర్రంలో కన్నా త్వరగా బయటికి పోతుంది. అందువల్ల గుర్రానికి రాసిన మోతాదు వ్యవధి దానికి చాలదు. నొప్పిని బయటికి చూపడం కూడా తక్కువ. కోస్తా జిల్లాల్లో చట్టానికి విరుద్ధంగా సాగే గాడిద మాంసం వ్యాపారం సంగతి మీకు తెలిసే ఉంటుంది. రవాణాలో, వధలో అవి పడే బాధపై శాస్త్రీయమైన నమోదు ఉంటే చట్టం అమలుకు బలం వస్తుంది.

క్లోనింగ్, పిండ మార్పిడి, జన్యు శ్రేణుల పని నా పట్టికలో అట్టడుగున ఉంటాయి. అంతరించే స్థితిలో ఉన్న స్థానిక జాతుల పరిరక్షణకు వాటి ఉపయోగాన్ని కాదనను. సంక్షేమం పేరుతో వాటికి నిధులు అడగడాన్నే ఒప్పుకోలేను.

ఇక ఏడాదిలో చేయదగినది. నన్నడిగితే ఎండ, తేమ అంశాన్నే తీసుకోండి. ఒక తీర పట్టణం, ఒక పొడి ప్రాంతం ఎంచుకుని, ఏప్రిల్ నుంచి జులై దాకా పనిలో ఉన్న గుర్రాలను పని ముందు, పని వెంటనే, అరగంట తర్వాత చూడండి. మలద్వారంలో కొలిచిన ఉష్ణోగ్రత, గుండె వేగం, శ్వాస వేగం, వాటితో పాటు అక్కడికక్కడే గాలి ఉష్ణోగ్రత, తేమ, ఎండ తీక్షణత నమోదు చేయండి. ఎండ తీక్షణత కొలిచే నల్లగోళం పరికరం ఒక్కటే కొంత ఖరీదు. వ్యవసాయ వాతావరణ విభాగం దగ్గర అరువు దొరకవచ్చు. గుర్రాల్ని ప్రత్యేకంగా కష్టపెట్టడం లేదు, అవి చేసే పనినే గమనిస్తున్నారు. అయినా సంస్థాగత జంతు నైతిక సంఘం అనుమతి, యజమాని రాతపూర్వక అంగీకారం తీసుకోండి. యజమాని చదువుకోకపోతే చదివి వినిపించి వేలిముద్ర వేయించండి. సైసుకు ఆ రోజు పోయిన సంపాదన ఇవ్వడానికి బడ్జెట్‌లో చోటు పెట్టండి, లేకపోతే రెండోరోజు ఎవరూ గుర్రాన్ని ఆపరు. ప్రమాదం ఎక్కడ మొదలవుతుందో నిర్వచించే అంకెను అధ్యయనం మొదలుకాక ముందే రాసి పెట్టుకోండి, ఆ అంకె దాటిన గుర్రానికి వెంటనే నీళ్లు పోసి నీడకు చేర్చే ఏర్పాటు మీ దగ్గరే ఉండాలి.

ఒంట్లో నీరు తగ్గిందో లేదో తెలుసుకోవడానికి మెడ చర్మం పట్టి లాగి చూసే పద్ధతిని మాత్రం నమ్మకండి. పాకిస్తాన్‌లో పనిగుర్రాల మీద ఇంగ్లండు పరిశోధకులు 2008లో ప్రచురించిన అధ్యయనంలో ఆ పరీక్షకూ, చిగుళ్ల పొడిదనానికీ నిజమైన నీటి లోటుతో పొంతన కుదరలేదు. నీళ్లు పెడితే గుర్రం ఎంత తాగిందన్నది మాత్రం సరిగ్గా చెప్పింది. గుర్తులు గీసిన బకెట్ ఒకటి కొనుక్కుని ప్రతిసారీ ఎన్ని లీటర్లు తాగిందో మీ పట్టికలో ఒక గడి కేటాయించండి. సినాప్సిస్ (థీసిస్ ప్రణాళిక) రాశాక పంపితే చూసి చెబుతాను.